బట్టల కూత

మా అన్నయ్యకు మాటలు తక్కువ. "మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయట్రా నీకు?" అని మా అమ్మ విసుక్కునేది. నాకేమో నోరెక్కువ. అన్న వాటా మాటలు కూడా చెల్లెలే మూటగట్టుకొచ్చిందని చుట్టాలు నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వారు గానీ అందులో అబద్ధం లేదు. అదే మా కొంప ముంచింది. మాట్లాడాల్సినవాడు ఒక్కసారి మాట్లాడి ఊరుకున్నాడు. నోరు మూసుకోవాల్సిన నేను మూసుకోలేదు.

అన్నయ్య నూలు మిల్లులో బాయిలరు దగ్గర ముప్పై రెండేళ్ళు పనిచేశాడు. పోయి ఇరవై ఏళ్ళు దాటింది. అందరూ బాయిలరాయన అనేవాళ్ళు. అసలు పేరు మా వదినకైనా గుర్తుండేదో లేదో నాకు అనుమానమే. బాయిలరు గది నేలకంటే ఆరు మెట్లు కిందికి ఉండేది. ఇనుప తలుపు, బొగ్గు గుట్ట, రెండు పొయ్యి నోళ్ళు, నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో చూపించే గాజు గొట్టం, ఆవిరి ఎంత ఉందో చెప్పే ముల్లు. కూర్చోవడానికి తిరగేసిన డబ్బా ఒకటి. మగ్గాల షెడ్డులో ఆరువందలమంది ఉండేవాళ్ళు. అరుచుకునేవాళ్ళు, పాడుకునేవాళ్ళు, పోట్లాడుకునేవాళ్ళు, మళ్ళీ కలిసిపోయేవాళ్ళు. ఆ మగ్గాలన్నీ తిరిగేది మాత్రం కింద ఒక్క మనిషి వేసే బొగ్గు మీద. ఆ ఒక్క మనిషితో మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరు. సాయంత్రం ఇంటికొచ్చి "ఇవాళ నిప్పు బాగుంది" అన్నాడంటే ఆ రోజుకు మా అన్నయ్య ఉపన్యాసం అయిపోయినట్టే.

మిల్లు వెనక గోడకు ఆనుకునే మా లైన్లు. వరసకు ఇరవై గదులు, మధ్యలో ఒక కొళాయి. గదుల ముందు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తీగలు కట్టి ఉండేవి, వాటి మీద అందరి బట్టలూ ఆరేవి. వారానికి ఒకరోజు సెలవు. సెలవు ముందురోజు సాయంత్రం, పని ఆపే వేళకు, పొగగొట్టంలోంచి నల్లటి పొగ వచ్చి తీగల మీద బట్టలన్నీ మసిబారేవి. ఒకసారి మా వదిన ఉతికిన దుప్పట్లు పాడైపోయాయి. ఆవిడ ఊరుకునే రకం కాదు. ఆరు మెట్లూ దిగిపోయి, "నా నడుం విరిగితే మీకేం, మీరూ మీ బాయిలరూ చల్లగా ఉండండి!" అని దులిపేసి వచ్చింది.

ఆ పై వారం నుంచి, పొగ రావడానికి కాసేపు ముందు, మిల్లులోంచి ఒక పొట్టి కూత వినబడటం మొదలైంది. షిఫ్టు కూతలు పొడుగ్గా, చెవులు చిల్లులు పడేట్టు ఉండేవి. ఇది కూ అని ఒక్క క్షణం. మిల్లువాళ్ళు వేయమన్న కూత కాదు, అన్నయ్య సొంతంగా వేసేది. మేము దానికి బట్టల కూత అని పేరు పెట్టేశాం. అది వినబడితే చాలు, పొయ్యి మీద ఏమున్నా వదిలేసి బయటికి ఉరికి బట్టలు లాగేసుకునేవాళ్ళం. మా వదిన నోటి పుణ్యమా అని లైను మొత్తానికి మేలు జరిగింది.

అవి తెల్లవాళ్ళ రోజులు. ఊళ్ళన్నీ ఉడుకుతున్నాయి. మిల్లులో ఇద్దరు నేతగాళ్ళు మగ్గానికి జెండా కట్టారని ఉద్యోగాల్లోంచి తీసేసి జైలుకు పంపారు. రోజుకు ఇంకో గంట పని పెంచారు. పత్తి తెచ్చే రైతుల గతీ అంతే. బళ్ళు మూడేసి రోజులు గేటు బయట ఎండలో నిలబెట్టి, చివరికి "పత్తి తడిసింది, పొండి" అని తరిమేసేవాళ్ళు. ఎండలో పెట్టిన పత్తి ఎలా తడిసిందో ఆ దేవుడికే తెలియాలి. అప్పుడు రైతు సంఘమూ మిల్లు సంఘమూ చేతులు కలిపాయి. ఒకేరోజు సమ్మె చేయాలనుకున్నారు. మిల్లువాళ్ళు లోపలికి వెళ్ళకూడదు. రైతులు బళ్ళు తోలుకొచ్చి, గేటుకు అడ్డంగా వదిలి, ఎడ్లను విప్పుకుని కూర్చోవాలి.

మా ఆయన నేతగాడు, సంఘంలో పెద్ద తల. అందుకని ఈ మాటలన్నీ మా గదిలోనే నడిచేవి. చిక్కంతా ఎక్కడొచ్చిందంటే, ఆ రోజుల్లో నలుగురు ఒకచోట కనబడితే పోలీసులు పట్టుకుపోయేవాళ్ళు. ఉత్తరం రాస్తే విప్పి చదివేవాళ్ళు. మనిషిని పంపిస్తే ఊరి పొలిమేరలోనే ఆపేసేవాళ్ళు. సమ్మె నిజంగా మొదలైందో లేదో అంత దూరాన బళ్ళతో ఉన్న రైతులకు తెలిసేదెలా? చివరికి మా ఆయనకే తట్టింది. చుట్టుపక్కల ఆరేడు ఊళ్ళకు కనబడేది ఒక్కటే, మిల్లు పొగగొట్టం.

"బావా, ఆ రోజు పొద్దున ఆరింటికి గొట్టంలోంచి పొగ రాకూడదు" అన్నాడు మా ఆయన అన్నయ్యతో. "పొగ లేదంటే మిల్లు ఆగిపోయినట్టు. బళ్ళు కదులుతాయి. పొగ ఉందంటే మనవాళ్ళు భయపడి లోపలికెళ్ళినట్టు. వాళ్ళు వెనక్కి తిరిగిపోతారు."

అన్నయ్య గోడకు ఆనుకుని కూర్చుని అంతా విన్నాడు. విని, "అయితే నాలుగింటికే ఆర్పుతా" అన్నాడు.

"ఎప్పుడైనా ఆర్పుకో. ఆరింటికి పొగ కనబడకూడదు, అంతే."

ఆరింటి పనికి నాలుగింటికే ఎందుకు ఆర్పాలని అక్కడున్న ఏడుగురిలో ఒక్కరూ అడగలేదు. ఆ పక్కనే కూర్చుని అన్నీ వింటున్న నేనూ అడగలేదు. నాకు నోరెక్కువని చెప్పానుగా, కావలసినప్పుడు మాత్రం ఉండదు.

సమ్మె రోజు పనికి పోయేది లేదు కదా అని ఆడవాళ్ళం తెల్లవారకముందే బట్టలు ఉతికి ఆరేశాం. మగవాళ్ళందరూ గేటు ముందు గుమిగూడారు. ఎవరూ లోపలికి వెళ్ళడంలేదు, ఎవరూ వెనక్కి రావడంలేదు. ఆరయింది. అందరి కళ్ళూ గొట్టం మీదే. పొగ ఉందంటే ఉంది, లేదంటే లేదు. అంత పలచగా ఉంది. "లేదు, లేదు, అది మబ్బు" అని ఒకరు. "మబ్బు గొట్టంలోంచి వస్తుందట్రా?" అని ఇంకొకరు. లాఠీలు పట్టుకుని పోలీసులు ఒకపక్క, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని ఇంజనీరు దొర ఒకపక్క. దొర అప్పుడే లోపలినుంచి వచ్చి నిలబడ్డాడు.

అప్పుడు పొట్టి కూత వినబడింది. అలవాటు ఎంత చెడ్డదో చూడండి. ఆ గుండెలదిరే వేళలో కూడా నేను తీగ దగ్గరికి పరుగెత్తి బట్టలు లాగేశాను. చేతికి దొరికినవి గదిలోకి విసిరేసి, మా ఆయన చొక్కా ఒకటి చేతిలో ఉండగానే మళ్ళీ గేటు దగ్గరికి పరుగెత్తాను. నేను వచ్చేసరికి గొట్టంలోంచి పొగ లేచింది. మామూలు పొగ కాదు, నల్లగా, చిక్కగా, ఆకాశమంతా కమ్మేసేట్టు.

"మండిస్తున్నాడ్రా!" అని ఎవరో అరిచారు.

ఆ అరుపు ఎవరిదో ఇప్పటికీ తెలియదు. గుంపు ఒక్కసారి కదిలింది. ముందు ఒకడు తల వంచుకుని గేటులోంచి లోపలికి పోయాడు. వాడి వెనక పదిమంది. వాళ్ళ వెనక వంద. దూరంగా దిబ్బ మీద, తెల్లవారుజాము నుంచి నిలబెట్టుకున్న బళ్ళు ఒక్కొక్కటే వెనక్కి తిరగడం, దుమ్ము లేవడం నేను నా కళ్ళతో చూశాను. మా ఆయన "ఆగండ్రా, ఆగండి" అని అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. పోలీసులు ఆయన్నీ ఇంకో ఎనిమిదిమందినీ అక్కడికక్కడే పట్టుకున్నారు.

అంతలో ఇంజనీరు దొర లోపలికి వెళ్ళి మా అన్నయ్యను బయటికి తీసుకొచ్చాడు. తల నుంచి కాలిదాకా మసి. రెండు చేతులూ మోచేతుల వరకు ఎర్రగా కమిలి ఉన్నాయి. దొర అన్నయ్య భుజం మీద చెయ్యి వేసి, అందరూ చూస్తుండగా "శభాష్" అన్నాడు. అన్నయ్య వాడివైపు చూడలేదు. గుంపులో నాకోసం వెతికి, నా మొహం చూశాడు, నా చేతిలో చొక్కా చూశాడు. ఎందుకో కాస్త నెమ్మదించినట్టు కనబడ్డాడు. దాంతో నా ఒళ్ళు ఇంకా మండింది.

ఆ సాయంత్రం మా గది ముందుకొచ్చి నిలబడ్డాడు. చేతులకు గుడ్డలు చుట్టుకుని ఉన్నాడు.

"ఆర్పాను చెల్లీ" అన్నాడు.

మా ఆయన్ని జైలుకు తీసుకుపోయి ఇంకా పూట కాలేదు. ఊరంతా చూసిన పొగను లేదంటాడా ఈ మనిషి, అనుకున్నాను. "నిప్పు లేనిదే పొగ రాదన్నయ్యా" అన్నాను. అని, తలుపు వేసేశాను. గడియ కూడా పెట్టాను.  బయట చెప్పుల చప్పుడు దూరమైంది. మా ఇద్దరికీ మాటలు పోయింది అక్కడే. మళ్ళీ పదకొండేళ్ళకు గానీ మాట్లాడుకోలేదు.

ఇంకో సంగతి ఉంది. ఆ రోజు లోపలికి పోయినవాళ్ళు మధ్యాహ్నం దాకా మగ్గాల ముందు ఊరికే కూర్చున్నారు. ఒక్క మగ్గమూ కదల్లేదు. బెల్టు తెగిందని మేస్త్రీలు చెప్పారట. అన్ని మగ్గాలకూ ఒకేసారి బెల్టు ఎలా తెగుతుందని ఎవడూ అడగలేదు. అడిగితే సమాధానం దొరుకుతుందని భయమేమో. నాకిప్పుడు తెలుస్తోంది, వాళ్ళందరికీ కావలసింది ఒక సాకు. లాఠీలు చూసి భయపడి లోపలికి పోయారు. పోయాక మొహాలు చూసుకోలేకపోయారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, బాయిలరాయన పొగ పెట్టాడు కాబట్టి పోయామన్నారు. ఒకడు అంటే ఇంకొకడు అన్నాడు. వారం తిరిగేసరికి అది లైను మొత్తానికి వేదవాక్కు అయింది. నలుగురితో నారాయణా అని నేనూ అన్నాను. అందరికంటే గట్టిగా అన్నాను. సొంత చెల్లెలే అంటోందంటే ఇంక సాక్ష్యం ఎందుకు?

దొర అన్నయ్యను ఉద్యోగంలోంచి తీయలేదు. తీసేస్తే లోకానికి నిజం తెలిసిపోదూ? ఉంచడమే వాడికి లాభం. మరి అన్నయ్య ఎందుకు మానేయలేదని అడగొచ్చు. మానేసి ఇంకో ఊరు పోతే తప్పు ఒప్పుకుని పారిపోయాడంటారు. ఉంటే సిగ్గులేక ఉన్నాడంటారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అన్నయ్య ఉండిపోయాడు. రోజూ ఆరు మెట్లు దిగాడు, ఆరు మెట్లు ఎక్కాడు.

లైనులో ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. అంతకంటే పెద్ద పని చేశారు, చూడటం మానేశారు. కొళాయి దగ్గరికి బిందె పట్టుకుని వస్తే, గలగలా మాట్లాడుకుంటున్న ఆడవాళ్ళం ఒక్కసారిగా నోళ్ళు కట్టేసుకునేవాళ్ళం. నీళ్ళు పట్టుకుని వెళ్ళిపోయాక మళ్ళీ అందుకునేవాళ్ళం. మంగలి దగ్గర కూర్చుంటే మంగలి కత్తి కడగడం మొదలుపెట్టేవాడు. ఆ కత్తి కడగడం ఎంతకీ పూర్తయ్యేది కాదు. కొన్నాళ్ళకు అన్నయ్య గడ్డం తనే గీసుకోవడం నేర్చుకున్నాడు. చెంపల మీద ఎప్పుడూ ఒకటో రెండో గాట్లు ఉండేవి. ఆ గాట్లు నేను దూరంనుంచే చూసేదాన్ని.

నాలుగో ఏడు మా వదిన మంచం పట్టింది. ఆ గలగలా మాట్లాడే మనిషి, మాట్లాడటానికి మనిషి దొరక్క సగం అయిపోయింది, జ్వరం మిగతా సగాన్ని తీసుకుపోయింది. వదిన పోయిన రోజు పొద్దున అన్నయ్య గది ముందు ఒంటరిగా నిలబడ్డాడు. మోయడానికి నలుగురు కావాలి. తనొక్కడు. మిగతా ముగ్గురికోసం వరస మొత్తం చూశాడు. వరస మొత్తం తలుపులు దగ్గరగా వేసి ఉన్నాయి. మా ఆయన అప్పటికి జైలునుంచి తిరిగొచ్చి కట్టెల అడితీలో పనిచేస్తున్నాడు. ఆ పూట ఇంట్లోనే ఉన్నాడు. "వెళ్ళండి, ఎంతైనా మా వదిన" అన్నాను. "నువ్వెళ్ళు" అన్నాడు. ఇద్దరమూ వెళ్ళలేదు. చివరికి అన్నయ్య బొగ్గు తోలే బండి తెచ్చుకుని, దాన్ని కడిగి, బట్ట పరిచి, వదినను ఎత్తుకుని దాంట్లో పడుకోబెట్టి, తనే తోసుకుంటూ వెళ్ళాడు. నేను కిటికీలోంచి చూశాను. ఇంతకంటే చెప్పలేను, చెప్పడానికి నాకు మొహం లేదు.

ఆ వారం కూడా సెలవు ముందురోజు సాయంత్రం పొట్టి కూత వినబడింది. పదకొండేళ్ళలో ఒక్క వారం తప్పలేదు. తనతో మాట్లాడని ఆడవాళ్ళ బట్టలు మసి కాకూడదని మా అన్నయ్య కూత వేస్తూనే ఉన్నాడు. ఆ కూత వేసిన మనిషితో మాట్లాడని ఆడవాళ్ళం పరుగెత్తి బట్టలు తీసుకుంటూనే ఉన్నాం. సిగ్గు అనేది ఒక్క వదినకే ఉండేదేమో, ఆవిడతోపాటే పోయింది.

తర్వాత స్వరాజ్యం వచ్చింది. తెల్లదొర ఓడెక్కాడు. మిల్లు గేటు మీద జెండా ఎగిరింది. ఆ తర్వాత ఒక ఏడు సంఘంవాళ్ళు, సమ్మెలో జైలుకు వెళ్ళినవాళ్ళను పిలిచి సభ పెట్టారు. మా ఆయనకు దండ వేసి మైకు ఇచ్చారు. ఆయన బాగానే మాట్లాడాడు. చివరలో, "ఆ రోజు ఒక్కడు నిప్పు ఆర్పి ఉంటే మన చరిత్రే వేరుగా ఉండేది" అన్నాడు. జనం ఉస్సూరన్నారు. నేను ముందు వరసలో కూర్చుని గర్వంగా తలూపాను. అన్నయ్య సభకు రాలేదు. రాకపోతేనేం, మైకు చప్పుడు బాయిలరు గది దాకా వినబడుతుంది.

మర్నాడు సెలవు ముందురోజు. నేను నూలు చుట్టే పనికి పోవాలి, ఆలస్యమైంది. పొయ్యి మీద నుంచి గిన్నె దించేశాను. కట్టెలు ఇంకా మండుతున్నాయి, ఆరేదాకా కూర్చునే తీరిక లేదు. చెంబుడు నీళ్ళు తీసుకుని పొయ్యిలో గుమ్మరించాను. చుయ్‌మని గది నిండా పొగ. కళ్ళు మండిపోయాయి, దగ్గొచ్చింది. తలుపు తీస్తే పొగంతా ఒక్కసారి బయటికి దూకింది.

పక్కగది నాడెల పెద్దమ్మ కొళాయి దగ్గరనుంచి కేకేసింది. మిల్లులో మగ్గాలకు నూలు నాడెలు అందించి అందించి ముసలిదైపోయిన మనిషి. "ఏమే, అంత పొగ వేశావు, ఊరందరికీ వండుతున్నావా?"

"వండటంలేదు పెద్దమ్మా, ఆర్పుతున్నా!" అని కేకేశాను.

అని, చెంబు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

మండే పొయ్యికి పొగ ఉండదు. ఆరే పొయ్యికే పొగ. పుట్టి బుద్ధెరిగిననాటి నుంచి పొయ్యి దగ్గరే బతికిన దాన్ని, నాకు ఇది ఒకరు చెప్పాలా? సెలవు ముందురోజు సాయంత్రం బట్టలు ఎందుకు తీసేవాళ్ళం? బాయిలరు ఆర్పేటప్పుడు మసి వస్తుందనే కదా. ఆ పొట్టి కూతకు అర్థం ఏమిటి? ఇప్పుడు ఆర్పుతున్నాను, బట్టలు తీసుకోండి, అనే కదా. సమ్మె రోజు కూడా ఆ కూత వేశాడు. నేను విన్నాను. విని బట్టలు తీశాను. తీసిన చొక్కా చేతిలో పట్టుకునే, నిప్పు మండించాడని నా అన్నను నోరారా తిట్టాను. చెవులు విన్నాయి, కాళ్ళు పరుగెత్తాయి, చేతులు బట్టలు తీశాయి. బుర్ర ఒక్కటే పని చేయలేదు.

పనికి పోలేదు. మా ఆయన్ని నిద్ర లేపి చెప్పాను. మంచం మీద లేచి కూర్చున్నాడు. నేను చెప్పిందంతా విన్నాడు. నిన్నటి దండ మేకుకు వేలాడుతోంది, అప్పుడే వాడిపోతోంది.

"నిన్న మైకులో అన్నారుగా, ఇవాళ వెళ్ళి సంఘంలో చెప్పండి. ఆయన ఆర్పాడని చెప్పండి."

"ఇప్పుడవన్నీ ఎందుకే" అన్నాడు.

"ఎందుకేమిటండీ? మీ బావ ఆయన!"

మా ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. మంచివాడే, నేను చెడ్డగా చెప్పను. పద్నాలుగు నెలలు జైల్లో ఆ పొగను తలుచుకునే పళ్ళు బిగబట్టుకుని బతికాడు. ఆ పొగ అబద్ధమైతే, గొట్టాన్ని గుర్తుగా పెట్టిన తప్పు తనదే అవుతుంది. ఆ బరువు మోయలేకపోయాడు. పోయేదాకా ఆ మాట ఎక్కడా చెప్పలేదు. నేనూ మళ్ళీ అడగలేదు.

కొళాయి దగ్గర చెప్పాను. సగంమంది కొత్తవాళ్ళు, ఏ సమ్మె, ఏ పొగ అన్నారు. నాడెల పెద్దమ్మ బిందె నిండి పొర్లిపోతున్నా కొళాయి కట్టకుండా నా మొహమే చూసింది. చూసి, "పోనిద్దూ, పాత మాటలు" అని బిందె ఎత్తుకుని పోయింది. పదకొండేళ్ళు మనిషిని వెలివేయడానికి అందరికీ ఓపిక ఉంది. పొరపాటు పడ్డాం అనడానికి ఒక్కరికీ తీరికలేదు. తిట్టిపోద్దామని నోరు తెరిచాను. ఎవరిని తిట్టాలి? ముందు తిట్టాల్సింది నన్ను.

సాయంత్రం బాయిలరు గదికి వెళ్ళాను. తలుపు తీసే ఉంది. అన్నయ్య డబ్బా మీద కూర్చుని ముల్లు చూస్తున్నాడు. జుట్టంతా తెల్లబడింది, అంత దగ్గరగా చూసి ఎన్నేళ్ళయిందో. చెంప మీద పొద్దున గీసుకున్న గాటు ఇంకా పచ్చిగా ఉంది. మెట్ల మీద నా నీడ పడితే తలెత్తాడు.

"మూడో మెట్టు విరిగింది. చూసుకుని దిగు" అన్నాడు.

పదకొండేళ్ళ తర్వాత మా అన్నయ్య నాతో అన్న మొదటి మాట అది. నేను చూసుకునే దిగాను. దిగి, ఏం చెప్పాలనుకుని వచ్చానో అంతా మర్చిపోయాను. ఇంత నోరూ ఎక్కడికి పోయిందో.

"ఆ రోజు నువ్వు ఆర్పావు కదన్నయ్యా" అన్నాను చివరికి.

"ఆర్పాను. చెప్పానుగా."

"నాలుగింటికే ఆర్పుతానన్నావు."

"దొరకు ఎవరో ఉప్పందించారు. కుర్చీ వేసుకుని ఇదిగో, ఇక్కడే కూర్చున్నాడు. గేటు దగ్గర గొడవ వినబడితే ఆరు దాటాక లేచాడు. వాడు ఇలా మెట్లెక్కాడో లేదో కూత వేశా. రెండు పొయ్యిల్లోనూ తడి బూడిద గుమ్మరించా." తన చేతులవైపు చూసుకున్నాడు. మోచేతిదాకా మచ్చలు అలాగే ఉన్నాయి. "పార అందుబాటులో లేదు. చేతుల్తోనే వేశా."

అన్నయ్య నోట ఒకేసారి అన్ని మాటలు నేనెప్పుడూ వినలేదు. నా కళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు.

"ఆర్పేటప్పుడే పొగ వస్తుందని ఎందుకు చెప్పలేదన్నయ్యా? తలుపు దగ్గర ఆ ఒక్క మాట అని ఉంటే..."

అన్నయ్య నావైపు వింతగా చూశాడు.

"అది చెప్పాలా? నీకు తెలుసుగా."

"తెలియలేదన్నయ్యా."

"తెలియలేదా?"

"లేదు. ఇవాళ పొద్దున తెలిసింది."

అన్నయ్య ముల్లువైపు తిరిగాడు. గాజు గొట్టంలో నీళ్ళు చిన్నగా ఊగుతున్నాయి.

"దొర నన్ను గేటు దగ్గరికి లాక్కొచ్చినప్పుడు నీ చేతిలో తడి చొక్కా చూశా" అన్నాడు. "హమ్మయ్య, చెల్లి కూత విని బట్టలు తీసింది, చెల్లికి తెలుసు అనుకున్నా. ఎవరికి తెలియకపోయినా చెల్లి చెబుతుందిలే అనుకున్నా. దానికి నోరుందిగా."

అన్నయ్య చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"తర్వాత తలుపేశావు. తెలిసే వేశావనుకున్నా."

పదకొండేళ్ళు. నిజం తెలిసీ సొంత చెల్లెలు తలుపు వేసిందనుకుంటూ ఈ మనిషి పదకొండేళ్ళు ఈ మెట్లు ఎక్కి దిగాడు. ఊరు నమ్మకపోవడం వేరు. ఊరు పొరపాటు పడిందని సర్దుకోవచ్చు. వదిన పోయిన రోజు, అన్నీ తెలిసిన చెల్లెలు కిటికీ వెనక నిలబడి చూస్తోందనుకుంటూ బండి తోశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారే, ఇక్కడ కాలింది కూడా నా చేతులు కావు.

కాళ్ళమీద పడబోయాను. "బొగ్గు గుచ్చుకుంటుంది, లే" అన్నాడు. లేచి, ముల్లువైపు చూసి, పక్కనున్న తడి బూడిద తట్ట దగ్గరికి లాక్కున్నాడు. ఈసారి పార చేతికి అందేట్టు పెట్టుకుని ఉన్నాడు.

"ఆర్పే వేళైంది. బట్టలు తీశావా?"

"లేదు."

"వెళ్ళు మరి. వెళ్ళి తీసుకో. నువ్వు వెళ్ళేదాకా ఆగి కూత వేస్తా."

"వెయ్యన్నయ్యా. నేను ఇక్కడే ఉంటా" అన్నాను.

 అన్నయ్య డబ్బా కాలితో నావైపు జరిపాడు, నేను కూర్చున్నాను. గొలుసు లాగి పొట్టి కూత వేశాడు. గోడ అవతల ఆడవాళ్ళు పరుగెత్తడం, తీగలు ఊగడం వినబడింది. తర్వాత బూడిద వేశాడు. ఆ సాయంత్రం లైను మొత్తంలో నా బట్టలు ఒక్కటే మసిబారాయి. మర్నాడు సెలవు కదా, మళ్ళీ ఉతుక్కున్నాను.